ఏడో తరగతిలో కాళ్లకింద పీట

నాన్నా,

అందరం కులాసా. బడి గొడవ గురించి ఇక బెంగపెట్టుకోకు.

నీ మనవరాలు లెక్కల్లో స్టెప్పులు లేకుండా జవాబులే రాస్తోంది, ఎక్కడో చూసి రాసిందని నాలుగో తరగతి టీచరమ్మ నన్ను పిలిపించింది కదా. హెడ్‌మేడమ్ అక్కడికక్కడే ఏడో తరగతి లెక్క ఇచ్చారు. మన బుడంకాయ కుర్చీ ఎక్కి, బోర్డు మీద రెండు రకాలుగా చేసి చూపించింది! ఇప్పుడు లెక్కల పీరియడ్‌కి ఏడో తరగతిలోనే కూర్చుంటోంది. కష్టంగా ఉందా అంటే, "లెక్కలు తేలికేనమ్మా, బెంచీ మీంచి కాళ్లే నేలకి అందట్లేదు" అంది.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? నీ వడ్రంగి కొట్లో మిగిలిన చెక్కతో బుడంకాయ కాళ్లకిందకి ఓ పీట చేసి పంపు. ఇద్దరికీ దండాలు.

నీ పెద్దమ్మాయి

తాతయ్యా, ఈ మూల నాది. పీట ఎత్తు ఐదుంబావు అంగుళాలు. నేను రెండుసార్లు కొలిచాను, నువ్వు ఒక్కసారి కోస్తే చాలు.