హిల్డా రేషను పుస్తకం

లండన్, 4-3-1941

నోరా చెల్లీ,

మొన్నటి బాంబులు మా వీధిదాకా రాలేదు, నేను క్షేమం. ఇక కింద రాసేది అమ్మకు చదివి వినిపించకు.

మా కింది వాటా ట్రాంటర్ భార్య హిల్డా మూడు వారాలుగా లేదు. మీ ఊళ్ళో తల్లి దగ్గరికి వెళ్ళిందని అతనంటే నమ్మాను. ఈ ఉదయం రేషను కొట్లో నా ముందు నిలబడి రెండు పుస్తకాలు చాపాడు. రెండోది హిల్డాదే.

కొట్టతను నవ్వుతూ, "ఏమయ్యా, మీ ఆవిడ అక్కడా తిని ఇక్కడా తింటోందా?" అన్నాడు.

"మరిచిపోయి వెళ్ళింది మహానుభావా! టీపొడి ఇస్తావా, కూపీ లాగుతావా?" అన్నాడు ట్రాంటర్. వరసలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

పుస్తకం లేనిదే కన్నతల్లయినా తిండి పెట్టలేని రోజులు కదా, మూడు వారాలకు వెళ్ళే మనిషి దాన్ని మరుస్తుందా? అలాగని, పోయిన నెల గ్యాస్ మాస్కు బస్సులో మరిచింది నేనే. ఇంత చిన్నదాన్ని పట్టుకుని ఒకణ్ణి హంతకుడని అనుకోవచ్చా?

వాళ్ళమ్మ మిసెస్ క్విల్ ఇంటికి నువ్వే వెళ్ళి హిల్డాను కళ్ళారా చూడు. జవాబు టెలిగ్రాం మా బడికి పంపు, ఇంటికి వద్దు. ఆమె అక్కడ లేకపోతే పోలీసుల దగ్గరికి వెళతాను. అమ్మ దగ్గు తగ్గిందా? పిల్లల మేజోళ్ళకు కొలతలు రాయి.

"పోస్టు డబ్బా వైపే వెళుతున్నా, ఇలా ఇవ్వండి టీచరుగారూ" అని ట్రాంటర్ ఇప్పుడే రెండోసారి తలుపు తట్టాడు. ఇంకా పూర్తి కాలేదన్నాను. దీన్ని కోటు లోపల పెట్టుకుని నేనే వెళుతున్నాను.

అమ్మకు, పిల్లలకు ముద్దులు.

మీ అక్క,
కాన్‌స్టన్స్