పొట్టి మగ గోధుమ పక్కన నిండిన గింజలు

గద్వాల, ఫిబ్రవరి, మంగళవారం రాత్రి

మన హైబ్రిడ్ గోధుమ ట్రయల్లో పొట్టి మగ రకం పక్కనున్న ఆడ వరుసకు ఇన్ని గింజలెలా పట్టాయి? పొట్టి, పొడుగు మగ రకాల్లో దేని పుప్పొడి గాలికి ఆడ వరుసను బాగా చేరుతుందో చూడడానికే ఈ ట్రయల్. నాకు నమ్మకం కుదరడం లేదు. పొట్టితనం తెచ్చే ఆ జన్యువు ఉంటే కేసరాలు పొట్టు దాటి సరిగా బయటికి రావు, పుప్పొడి గాలికి ఎగరదు. పూత రోజుల్లో నా కళ్లతోనే చూశాను. పోనీ ఆడ మొక్కల సొంత పుప్పొడా? అదీ కాదు. పూతకు ముందే కాగితపు సంచులు కట్టిన ఆడ వెన్నులను ఇవాళ విప్పితే అన్నీ తాలే.

చుట్టుపక్కల ఎవరైనా గోధుమ వేశారేమోనని గట్లన్నీ తిరిగాను. అంతా వేరుశనగ, మిరప. తిరిగొచ్చేసరికి, చేలో పనిచేసే నర్సమ్మక్క, నేను నోరు విప్పకముందే, "గింజ మంచిగ పట్టింది గదా మేడం?" అంది. అక్కడే అనుమానం వచ్చింది.

"నీకెలా తెలుసక్కా?"

"ఎందుకు తెల్వదు! ఆ మగది నోరు తెరుస్తలేకుండె. నేనే గోటితోని పొట్టు ఇప్పి, పొడి తీసి ఆడదానికి రుద్దిన. సీడు పత్తికి రోజూ గిట్లనే చేస్తం గదా."

ఏళ్ల తరబడి పత్తి పువ్వులకు క్రాసింగ్ చేసిన చేతులవి.

"ఎన్ని వెన్నులకు రుద్దావు?"

"యాదికి లేదు మేడం. మీరు పరేషాన్ అయితుండ్రని చేసిన."

రేపు పైవాళ్లు ఫలితం అడుగుతారు. పొడుగు మగ రకం పక్కన కూడా రుద్దావా అని అడగడానికి నోరు రాలేదు. అక్కడా గింజలు నిండుగానే ఉన్నాయి.