కోయని కుడివైపు

యాన్ ఆర్బర్, 1974 మార్చి 4

నాన్నా,

నీ కూతురు పనిమంతురాలైంది. ఇప్పటికి నలభై రెండు వడ్రంగి పిట్టల తలలు కోశాను, ఒక్క కండా చెడలేదు. చెట్టును రోజంతా పొడిచే జాతికి దవడ వెనక కండ లావు, నేల మీద చీమలు ఏరుకునే జాతికి పలచన. తలలు పక్కపక్కన పెట్టి ఆ తేడా కొలవడమే నా చదువు. నువ్వు మన మాంసం కొట్లో నేర్పిన చాకుపట్టే ఇక్కడా పనికొస్తోంది.

నీకు చెప్పని మాట ఒకటుంది. మా ప్రొఫెసర్ లిండ్‌క్విస్ట్ ముప్పై ఏళ్ల కింద గీసిన బొమ్మలో చీమలు ఏరుకునే పిట్టకీ ఆ కండ లావుగానే ఉంది. ఆయన పేరు నిలబడింది ఆ బొమ్మ మీదే. నా పిట్టలకు అయోడిన్ పూశాను. కండైతే నారలు నారలుగా ఎరుపెక్కాలి. ఆయన కండ అన్నదాంట్లో సగానికి నారే లేదు, అది ఉమ్మి ఊరే గ్రంథి. స్పిరిట్‌లో నానితే రెండూ ఒకేలా పాలిపోతాయి, పాపం ఆయన పొరబడ్డాడు.

మేం తల ఎడమవైపే కోస్తాం. తర్వాత వచ్చేవాళ్లు సరిచూసుకోవడానికి కుడివైపు వదిలేస్తాం. ఆయన బొమ్మ గీసిన పిట్ట ఇంకా స్పిరిట్ సీసాలోనే ఉంది, ఆయన సరేననిదే ముట్టుకోకూడదు. అడిగితే మే నెలలో నా పట్టా ఏమవుతుందో. నోరు మూసుకుందామనుకుంటున్నాను. సిగ్గుగా ఉంది.

నీ మార్గిట్

టొలీడో, మార్చి 9

ఒసే మార్గిట్,

పిట్ట దవడ కోస్తే ఏమొస్తుందే అని వెక్కిరించినవాణ్ణి నేనే. నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నలభై ఏళ్లలో కొవ్వును కండని చెప్పి ఎవరికైనా తూచానా? వెళ్లి అడుగు. పట్టా పోతే పోయింది, నా కూతురు అబద్ధం కొలిచిందనిపించుకోకు.

మీ నాన్న, ఫెరెన్స్ సాబో

యాన్ ఆర్బర్, మార్చి 15

నాన్నా,

అడిగాను. ఆయన సీసా తెచ్చి నా ముందు పెట్టి, "నా చెయ్యి వణుకుతుందమ్మాయ్, నువ్వే కొయ్యి" అన్నాడు. కోసి అయోడిన్ వేశాను. సగమే ఎరుపెక్కింది.

ఆయన కళ్లద్దాలు తీసి దగ్గరికి వంగి చూశాడు. "ముప్పై ఏళ్లు పిల్లలకి గ్రంథిని చూపించి కండని చెప్పానన్నమాట" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది, క్షమించమన్నాను.

"క్షమించడం దేనికి? కుడివైపు ఎవరికోసం వదిలాననుకున్నావ్?" అన్నాడు.

తర్వాత సీసా చీటీ మీద తన పేరు కింద పెన్సిల్‌తో తనే రాశాడు: "కుడివైపు కోసినది మార్గిట్ సాబో. ఈమె చెప్పిందే సరి."

నీ మార్గిట్ సాబో