ఒక అడుగు వెనక అమ్మ

ఆగస్టు 18, ఆదివారం

ప్రియమైన అక్కకి,

నీకూ బావగారికీ నమస్కారాలు. ఇక్కడ నాన్నా నేనూ వేళకి తింటున్నాం, వేళ కాని వేళ పడుకుంటున్నాం. అక్కడ మీరు అంతకన్నా బాగున్నారనుకుంటాను. నమస్కారాలేమిటని నవ్వకు. ఫోన్ ఎత్తడం మానేసిన అక్కకి ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో నాకు తెలీదు. మర్యాదగా మొదలుపెడితే కనీసం రెండో పేరా దాకా చదువుతావని ఆశ.

ముందు కబుర్లు. వంటింటి కుళాయిని నాన్న తనే బాగుచేశారు. కుళాయి ఏడుపు ఆపింది, ఇప్పుడు గోడ ఏడుస్తోంది. ప్లంబర్ని పిలుద్దామంటే, దానంతటదే ఆరుతుందిలేవే అంటారు. నేను ఈ ఉద్యోగం కూడా మానేశాను. ఒకే టూత్‌పేస్టుని రోజుకో రకంగా పొగిడి పొగిడి నా నోరే చేదెక్కిపోయింది. కాలు కాలిన పిల్లివే నువ్వు, ఎక్కడా నిలవవు అని నాన్న తిట్టారు. తిట్టి, ఆ సాయంత్రమే నా చెప్పులు తీసుకెళ్ళి కుట్టించుకొచ్చారు. తెగిన చెప్పులతో వెళ్తే ఎవడిస్తాడే ఇంకో ఉద్యోగం అని.

ఇక నీ ఉత్తరం. అమ్మ పోయాక ఇన్నాళ్ళకి ధైర్యం చేసి పెళ్ళి ఆల్బమ్ తెరిచానన్నావు. బావగారి మేనత్త పళ్ళు లెక్కపెట్టుకోవచ్చు గానీ, అమ్మ మొహం ఒక్కదాంట్లోనూ ఆనలేదన్నావు. పాత ఫొటోలు వద్దు, నా పెళ్ళిరోజు అమ్మ కావాలి, ఒక్కటంటే ఒక్కటి పంపు, లేదంటే ఆ ఇంటి గడప తొక్కను అని రాశావు. అక్కడితో ఆగినా బాగుండేది. కెమెరా మెడలో వేసుకుని ఊరేగావు కదా, ఆ రోజంతా నువ్వు అమ్మని అసలు చూశావా అని అడిగావు.

ఏం జరిగిందో చెప్తాను, విను.

బయటి ఫొటోగ్రాఫరు వద్దని పట్టుబట్టింది నువ్వే. కొత్తవాళ్ళ ముందు అమ్మ బిగుసుకుపోతుంది, నువ్వయితే నవ్విస్తావు అన్నావు. ఫ్లాష్ వద్దన్నదీ నువ్వే. మందుల వల్ల వెలుతురు గుచ్చుకుంటే అమ్మ కళ్ళ వెంట నీళ్ళు కారిపోయేవి. ఆ పెళ్ళి హాలేమో పట్టపగలే సినిమా మొదలైనట్టు చీకటిగా ఉండేది. ఉన్న నాలుగు కిటికీలూ ఒక్క పక్కకే. నా పాత కెమెరాతో ముందురోజు వెళ్ళి తీసి చూస్తే ఫొటో నిండా ఇసుక చల్లినట్టు గరుకు. అందుకే అద్దె కొట్టుకి పరిగెత్తాను.

కొట్టాయన ముందు పెద్ద జూమ్ లెన్సొకటి నా చేతుల్లో పెట్టాడు. పసిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టుంది బరువు. పెళ్ళికి ఇదే తీసుకోండమ్మా, నిలబడ్డచోటే నిలబడి పని కానిచ్చేయొచ్చు అన్నాడు. వెలుతురు లేదు, ఫ్లాష్ వాడకూడదు అన్నాను. అయితే ఈ యాభై ఎమ్మెమ్ లెన్సు, ఆ ఎనభై అయిదుదీ తీసుకోండి, వీటికి జూమ్ ఉండదు, దగ్గరికెళ్ళాలన్నా దూరం జరగాలన్నా మీ కాళ్ళే జూమ్ అన్నాడు. కాలు నిలవకపోవడమే కదా నా జబ్బు, ఇన్నాళ్ళకి ఒక పనికొచ్చిందనుకున్నాను. లెన్సు లోపలి కన్ను పూర్తిగా తెరిస్తే దీపం వెలుగులో కూడా తీస్తాయి, కానీ కనురెప్ప మీద ఫోకస్ పెడితే చెవి మసకబారుతుంది, వెనకాల మనిషినిక దేవుడే చూసుకోవాలి అని కూడా చెప్పాడు. ఇద్దర్ని కలిపి తీసేటప్పుడు ఆ కన్ను కాస్త మూసుకోమన్నాడు.

నేను మూసుకోలేదు. జరిగింది అంతే.

ఆ హడావిడి నీకు తెలుసుగా. బాబాయి ప్రతి ఫొటోకీ పొట్ట లోపలికి లాక్కుని ఊపిరి బిగబట్టేవాడు. త్వరగా కానియ్యవే, పెళ్ళిలోనే పోయేలా ఉన్నాను అని పళ్ళ సందులోంచి తిట్టేవాడు. బావగారి మేనత్త నేను కెమెరా ఎటు తిప్పితే అటు ప్రత్యక్షం. నువ్వు పెళ్ళి రిజిస్టరులో సంతకం పెట్టి తలెత్తి నవ్వావు చూడు, అందులో నీ కనురెప్పల వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తాయి. నీకు ఒక అడుగు వెనక అమ్మ నీలం శాలువా, దాని పైన మొహం ఉండాల్సిన చోట పొగ. కెమెరా వెనక ఉండే చిన్న తెర మీద చూస్తే అన్నీ బాగున్నట్టే అనిపిస్తాయి. నేర్చుకునేవాళ్ళు చేసే తప్పే చేశాను. తిట్టు, పడతాను. కానీ ఒకసారి ఇంటికి రా. ఫోన్ మోగితే నాన్న నా మొహంలోకి చూసి పెద్దదా అని అడుగుతారు. కాదని చెప్పలేక చస్తున్నాను.

తిట్లకి సిద్ధంగా ఉన్న,
నీ చెల్లి

తా.క. కవరు అంటించి, మళ్ళీ చింపాను. తప్పు చేశానని పైన రాసిందంతా అబద్ధం. లెన్సు ఎప్పుడు ఎంత మూయాలో నాకు బాగా తెలుసు.

పెళ్ళికి ముందురోజు అద్దె సామాను మంచం మీద పరుచుకుని చూసుకుంటుంటే అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. వీటిల్లో మనిషిని కనపడకుండా తీసేది ఏదే అని అడిగింది. నేను నవ్వాను, తను నవ్వలేదు. పక్కన లేకపోతే పెద్దది గొడవ చేస్తుంది కాబట్టి అన్నిట్లోనూ ఉంటాను, ఈ మొహం మాత్రం దాని ఆల్బమ్‌లోకి రానివ్వకు అంది. తెరిచినప్పుడల్లా నా బుగ్గలు ఎంత లోపలికి పోయాయో చూసుకుంటూ కూర్చుంటుంది, పెళ్ళి దానిది, జబ్బు నాది, రెండూ ఒక ఫొటోలో ఎందుకే అంది. నీకు చెప్పనని ఒట్టు వేయించుకుంది.

ఆ ఒట్టు ఇవాళ తీసి గట్టు మీద పెట్టాను. కెమెరా పట్టడం రాదను, ఫొటోలు తీయడం రాదను, ఊరుకునేదాన్ని. అమ్మని చూడలేదంటే ఊరుకోలేకపోయాను.

మనిషిని మసకలో ఉంచాలంటే ఆ మనిషి ఎక్కడుందో ప్రతి నిమిషం తెలియాలి అక్కా. నువ్వు కాస్త జరిగితే అమ్మ ఫోకస్‌లోకి వచ్చేసేది, నేను చప్పున పక్కకి తప్పుకునేదాన్ని. నువ్వు సంతకం పెడుతుంటే తను నీ కుర్చీ వీపు పట్టుకుంది నిలబడలేక. భోజనాల దగ్గర నువ్వు చూస్తున్నంతసేపూ నములుతున్నట్టే ఉండి, నువ్వు తల తిప్పగానే రుమాల్లోకి తీసేసింది. మీ కారు మలుపు తిరిగి వెళ్ళిపోయాక కూడా ఊపడానికెత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. బాబాయి మెల్లగా పట్టుకుని దించాడు.

నువ్వు అడిగిన ఫొటో లేదు. దాచలేదు, తీయలేదు. ఆ రోజు అమ్మ ఎప్పుడెలా ఉందో మాత్రం పొద్దుటి నుంచి వరసగా చెప్పగలను. వచ్చి అడుగు.