ఖాళీ కాటా ముల్లు

అమ్మలూ, మీ అమ్మ డెబ్బై తొమ్మిది కిలోలకి దిగిపోయింది! ఎముకల డాక్టరు ఆపరేషనుకి తేదీ ఇచ్చేశాడు, వచ్చే నెల పన్నెండు!

చూశావా, దీవెనలు రాయకుండానే కబురు కక్కేశాను. ఇప్పుడు రాస్తున్నాను, వెనక వచ్చాయని వాటి బలమేమీ తగ్గదు. నీకూ, అల్లుడుగారికీ, పాపకీ నా నిండు దీవెనలు. ఇక్కడ మేమిద్దరం క్షేమం. ఇన్నాళ్ళూ ఆ మాట అలవాటుకొద్దీ రాసేవాణ్ణి, ఈసారి మనసారా రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే ఏమీ అనుకోకు. చదివింది ఏడో క్లాసు, దానికి తోడు పట్టలేనంత సంతోషం.

ఇంత మంచి కబురు ఫోనులో చెప్పకుండా ఉత్తరమెందుకని అడుగుతావు. అది మీ అమ్మ పెట్టిన షరతు. ఎందుకు పెట్టిందో చెప్తాను, తొందరపెట్టకు. ముందు నీ ప్రశ్నలకి జవాబులు రాయనీ.

అమ్మ పొద్దున తింటోందా, మానేస్తోందా అని అడిగావు. తింటోంది. నువ్వు రాసి పంపిన తిండి పద్ధతి కాగితం రాకముందు మీ చిన్న మామయ్య మాట విని రెండు వారాలు నిమ్మకాయ నీళ్ళ మీద బతికింది. మూడో వారం గిన్నె ముందు కూర్చుని వెనక ఎవరో తరుముతున్నట్టు తింది. నువ్వు ఆసుపత్రి వంటగదిలో రోజుకి నాలుగు వందల పళ్ళేలు సర్దే మనిషివి కాబట్టి నీ కాగితం గోడకి అంటించాం గానీ, నిజం చెప్పొద్దూ, నేను దాన్ని నమ్మలేదు. ఏ పూటా మానకూడదట, కడుపు మాడ్చుకోకూడదట, అయినా బరువు తగ్గుతుందట! ముప్పై ఎనిమిదేళ్ళు లారీల కాటా దగ్గర కూర్చున్నాను. సరుకు ఎక్కించుకుంటూ బరువు తగ్గే లారీ నాకు ఒక్కటీ తగల్లేదు. మా పిల్లని ఎవరో మోసం చేశారనుకున్నాను.

పళ్ళెం ఎలా సర్దుతున్నామని కూడా అడిగావు. నువ్వు గీసి పంపిన బొమ్మలాగే. సగం కూరగాయలు, పావు అన్నం, మిగతా పావు పప్పో గుడ్డో చేపో. మొదటి రోజు ఆ పావు అన్నం చూసి మీ అమ్మ, "ఇది ఎవరికి? పిచ్చుకకా?" అంది. కూరలో నూనె సీసా వంచి పోసే చెయ్యి ఇప్పుడు చెంచాతో కొలుస్తోంది. టీలో రెండు చెంచాల చక్కెర ఒకటైంది, ఒకటి అరయింది, ఇప్పుడు అదీ లేదు. నెమ్మదిగా నమలమన్నావని ఒక్కో ముద్దకి నా మొహం వంక చూస్తూ నములుతుంది, నేనేదో నేరం చేసినట్టు.

ఇక మూడోది. "నాన్నా, అమ్మ దాచుకుని తింటోందని రాశావు కదా, ఏం తింటోందో కనిపెట్టావా?" అన్నావు. ఈ ఉత్తరమంతా దానికి జవాబే.

నీకు తెలియనిది కాదు, కిందటేడు డాక్టరు తూచినప్పుడు మీ అమ్మ తొంభై రెండు. "ఎనభై కిందికి వస్తేనే మోకాలు మారుస్తాను, అంతకు ముందు ముట్టుకోను" అన్నాడు. మనది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. పద్నాలుగు నెలలు మీ అమ్మ తన కాళ్ళతో వీధిలోకి దిగలేదు. బాల్కనీలోంచి తాడుకి బుట్ట కట్టి కూరగాయల బండి దగ్గరికి దించేది. బుట్ట దిగినంత సుఖంగా నేనూ దిగగలిగితేనా అని ఒకసారి అంది. ఆ మాట నాకు గుచ్చుకుని అక్కడే ఉండిపోయింది.

అందుకే కాటా కొన్నాను. అంకెలు మెరిసేది కాదు, వాటిని నేను నమ్మను. గుండ్రటి అద్దం, లోపల ముల్లు ఉన్నది. ఆదివారం పొద్దున, ఏమీ తినకముందు, నువ్వు రాసినట్టే వారానికి ఒక్కసారి.

"చెప్పులు విప్పు. గోడ పట్టుకోకు. ఊపిరి బిగబట్టకు."

"నేనేమన్నా లారీనా?" అనేది మీ అమ్మ.

"లారీ అయితే ఇంత వాదించదు."

తొంభై రెండు ఎనభై ఎనిమిదయింది. ఒక నెల అక్కడే ఆగింది. తర్వాత కదిలి ఎనభై ఆరు, ఎనభై అయిదు. ఆ తర్వాతి ఆదివారం చూద్దును కదా, ఎనభై ఏడు! ఒక్క వారంలో రెండు కిలోలు పైకి!

నాకు ఒళ్ళు మండింది. కాటా దగ్గర నేను చూడని మాయ లేదు. ఒక చక్రం కాటా పలక బయట పెట్టి ఆపినవాణ్ణి పట్టుకున్నాను. ఖాళీ లారీ తూచేటప్పుడు నీళ్ళ పీపా ఎక్కించి, సరుకు తూచేటప్పుడు దించినవాణ్ణి పట్టుకున్నాను. అలాంటివాడి ఇంట్లోనే మోసమా! ఆ రోజు నుంచి మీ అమ్మని డ్రైవరుని చూసినట్టు చూడటం మొదలుపెట్టాను. చక్కెర డబ్బాకి, బిస్కెట్ల డబ్బాకి, బెల్లం సీసాకి మూత మీదుగా దారం కట్టి, లారీ తలుపుకి సీలు వేసినట్టు ముడి మీద కొవ్వొత్తి మైనం అద్దాను. నూనె సీసా మీద పెన్సిలు గీత గీశాను. చెత్తబుట్టలో కాగితాలు తిరగేశాను. అమ్మ వంటింట్లో చెంచా చప్పుడు చేస్తే చాలు, నేను మంచినీళ్ళకని లేచేవాణ్ణి.

"మీకీమధ్య దాహం ఎక్కువైంది" అనేది. మళ్ళీ చెంచా తిప్పుకునేది. అదే నా అనుమానాన్ని ఇంకా పెంచింది. తప్పు లేనిదైతే ఎదురు తిరగదా?

బిస్కెట్ల డబ్బా సీలు రెండుసార్లు తెగింది. రెండుసార్లూ తెంపింది నేనే, టీలోకి. మళ్ళీ మైనం అద్దాను. ఆ డబ్బా సంగతి వదిలెయ్.

తర్వాత అనుమానం ఎదురింటావిడ మీదికి పోయింది. ఆవిడ భర్తది వీధి చివరి బేకరీ. రోజూ మూడింటికి నేను కునుకు తీసే వేళ చూసి ఆవిడ మూత పెట్టిన గిన్నె పట్టుకుని వస్తుంది, ఇద్దరూ వంటింటి తలుపు దగ్గరికి వేసుకుంటారు, నవ్వుతారు. బేకరీ వాళ్ళింటి గిన్నెలో ఏముంటుంది చెప్పు? అమ్మ దాచుకుని తింటోందని నీకు ఆ రెండు ఉత్తరాలు రాసింది అప్పుడే. నువ్వు అమ్మకి చీవాట్లు పెడుతూ రాశావు. మీ అమ్మ చదివింది, మడిచి దిండు కింద పెట్టుకుంది. దొరికిపోయిందనుకున్నాను.

ఒక రోజు నిద్ర నటించి, గిన్నె లోపలికి వెళ్ళగానే తలుపు తోసేశాను. మీ అమ్మ కుర్చీలో కూర్చుని కాళ్ళు ఒకటొకటిగా ముందుకు చాపుతోంది, నువ్వు రాసిన కుర్చీ వ్యాయామం. ఎదురింటావిడ లెక్కపెడుతోంది. గిన్నెలో ఉడికించిన శనగలు, దోసకాయ ముక్కలు.

"మా ఇంట్లో కూర్చుని ఇవి తింటే మా ఆయన మొహం మాడ్చుకుంటాడు బాబాయిగారూ" అంది ఆవిడ. "ఇంటి నిండా కేకులు పెట్టుకుని దోసకాయ నములుతున్నావు, చూసినవాళ్ళు మన సరుకు గురించి ఏమనుకుంటారు అంటాడు. మీ అమ్మాయి కాగితం నేనూ రాసుకున్నాను. అందుకే ఇక్కడికి తెచ్చుకుంటున్నా."

మీ అమ్మ కాలు దించకుండానే, "దొరికాడా దొంగ?" అంది.

అయినా నా అనుమానం చావలేదు. శనగలు రెండు కిలోలు పెంచవు కదా!

వారం వారం ముల్లు దిగుతూనే ఉంది. పోయిన ఆదివారం డెబ్బై తొమ్మిది చూపించింది. మీ అమ్మ మురిసిపోయింది. నాకు మాత్రం భయం పట్టుకుంది. ఎందుకో ఇప్పుడు చెప్పక తప్పదు.

మంగళవారం ఆసుపత్రికి వెళ్ళాం. బేకరీలో పనివాళ్ళిద్దరు మీ అమ్మని కుర్చీలో మూడంతస్తులూ దించారు. తూచే గదిలో నర్సమ్మ కాటా ఎక్కమంది. నేను కళ్ళు మూసుకున్నాను. "డెబ్బై తొమ్మిది" అని వినపడింది.

"అమ్మా, ఆ కాటా నేల మీద సరిగా ఆనిందా చూడండి" అన్నాను.

"ఆనింది తాతగారూ."

"ఆవిడ మోచెయ్యి గోడకి తగిలిందేమో. మళ్ళీ తూచండి."

మళ్ళీ డెబ్బై తొమ్మిదే. నేను వంగి నాలుగు మూలలూ చూశాను. మీ అమ్మ, "ఊరుకోండి, పరువు తీస్తున్నారు" అని పళ్ళ బిగువున అంటోంది. వెనక వరసలో ఆరుగురు నిలబడ్డారు. కాటా మంచిదో కాదో తేల్చాలని నేనే ఎక్కేశాను. డెబ్బై ఒకటి ఉండాల్సినవాణ్ణి డెబ్బై అయిదున్నాను. అప్పుడే లోపలికి వచ్చిన డాక్టరు చూసి, "ఆవిడ దించిన బరువు మీరు ఎత్తుకున్నట్టున్నారే" అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వుతూనే చీటీ మీద తేదీ రాసి ఇచ్చాడు.

బయట బెంచీ మీద కూర్చున్నాక నాకు ఏడుపు ఆగలేదు, అమ్మలూ. అరవై ఎనిమిదేళ్ళవాణ్ణి, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. అప్పుడు మీ అమ్మకి చెప్పింది నీకూ చెప్తున్నాను.

కాటా వెనకవైపు చిన్న స్క్రూ ఉంటుంది, ఖాళీగా ఉన్నప్పుడు ముల్లు సున్నా మీద నిలబెట్టడానికి. ఎనభై ఎనిమిది దగ్గర నెల రోజులు ఆగినప్పుడు మీ అమ్మ పళ్ళెం పక్కకి తోసి, "ఇంక నా వల్ల కాదు, ఈ బాల్కనీలోనే నా బతుకు" అంది. ఆ సాయంత్రం ఆమె స్నానానికి వెళ్ళగానే ఆ స్క్రూ తిప్పాను. ముల్లుని సున్నా కంటే రెండు కిలోలు వెనక్కి పెట్టాను. తెల్లారితే ఆదివారం, ఎనభై ఆరు కనిపించింది. మీ అమ్మ కళ్ళు తుడుచుకుని, ఆ రోజు తన పళ్ళెం తనే సర్దుకుంది. ముప్పై ఎనిమిదేళ్ళలో ఏ డ్రైవరు బతిమాలినా ముట్టని స్క్రూ అది. ఖాళీ కాటా ముల్లు చూడకుండా ఏనాడూ లారీ ఎక్కించలేదు నేను. కానీ ఆ సాయంత్రం తర్వాత ఆ ఖాళీ ముల్లు మొహం చూడలేకపోయాను. దుమ్ము పడుతుందని అద్దం మీద గుడ్డ కప్పి, ఆమె ఎక్కి నిలబడ్డాకే గుడ్డ లాగేవాణ్ణి. కాటా ఎంత చూపించినా లోలోపల రెండు కలుపుకునేవాణ్ణి. డెబ్బై తొమ్మిదంటే ఎనభై ఒకటి, డాక్టరు పొమ్మంటాడు, అది నా పాపమే అనుకున్నాను.

ఇదంతా చెప్పేసరికి మీ అమ్మ చీటీ మడుస్తూ, "తెలుసు" అంది.

"ఏం తెలుసు?"

"మీరు ఈ ఇంట్లో ఏనాడైనా దుమ్ము దులిపారా? కాటాకి గుడ్డ కప్పారంటేనే అనుమానమొచ్చింది. తీసి చూశాను. కాటా గుమాస్తా పెళ్ళాన్ని, ఖాళీ ముల్లు ఎక్కడుండాలో నాకు తెలీదా? తిప్పి సున్నా మీద పెట్టి మళ్ళీ గుడ్డ కప్పాను."

"ఎప్పుడు?"

"ఎనభై అయిదు ఎనభై ఏడైన వారం."

అర్థమైందా, అమ్మలూ? ఆమె తినలేదు. ఒక్క మెతుకు కూడా ఎక్కువ తినలేదు. ఆ రెండు కిలోలు నేను దొంగిలించినవి, ఆమె తిరిగి పెట్టినవి. దానికే నేను డబ్బాలకి సీళ్ళు వేశాను, చెత్తబుట్ట తిరగేశాను, కన్నబిడ్డకి ఆమె మీద చాడీ రాశాను. డెబ్బై తొమ్మిది అసలైన డెబ్బై తొమ్మిదే.

"అంత అనుమానిస్తుంటే ఒక్క మాట చెప్పొచ్చుగా!" అన్నాను.

"చెప్తే మీరు మళ్ళీ ఆ కాటా ముందు కూర్చుంటారా? ఇన్నేళ్ళలో ఒక్క డ్రైవరూ మిమ్మల్ని వేలెత్తి చూపలేదు. నేను చూపించాలా?" అంది. చీటీ కొంగున ముడేసి, "కోపం మాత్రం వచ్చింది. బాగా వచ్చింది. మీరు సీళ్ళు వేసినందుకు కాదు, పిల్లకి రాసినందుకు. అది రాసిన ఉత్తరం చదివి రెండు రోజులు నాకు ముద్ద దిగలేదు. తేదీ సంగతి ఫోనులో వద్దు. ఏ చేత్తో రాశారో ఆ చేత్తోనే రాయండి, ఇది కూడా" అంది.

రాశాను. మీ అమ్మ దొంగతిండి తినలేదు. మీ నాన్న అబద్ధం తూకం తూచాడు. ఆ రెండు ఉత్తరాలూ చించెయ్. నువ్వు అమ్మకి వేరే ఒక ఉత్తరం రాయి, దానిలో నా పేరు ఎత్తకు, నీ తరఫునే క్షమించమని అడుగు. ఆమె దిండు కింద పెట్టుకోవడానికి మంచిది ఒకటి కావాలి. సెలవు దొరికితే పన్నెండుకి రా. దొరక్కపోయినా బెంగ వద్దు, నేను లేనా?

ఇట్లు,
మీ అమ్మకి క్షమాపణ బాకీ ఉన్న,
నీ నాన్న

కబురు చెప్పాల్సినవాళ్ళు: మీ పెద్దత్తకి, మొదట ఆవిడకే చెప్పు, లేకపోతే అలుగుతుంది. చిన్న మామయ్యకి, నిమ్మకాయ నీళ్ళు ఇక చాలని కూడా చెప్పు. పెద్దమ్మకి, ఆవిడకి చెవులు వినపడవు కాబట్టి కోడలిచేత అరిపించు. మీ పిన్నికి, ఆవిడ ద్వారా అమ్మమ్మకి, మెల్లగా, పెద్ద ప్రాణం కదా. మీ అన్నయ్యకి నేనే రాస్తాను. ఆఖరుగా మీ బాబాయికి. నా కాటా దగ్గర ఇప్పుడు కూర్చునేది వాడు, పని నేర్పింది నేను. వాడికి తేదీ చెప్పి ఊరుకోకు. స్క్రూ సంగతి కూడా చెప్పు.