మచ్చలేని చెట్టు

1961 సెప్టెంబరు 4
రాఘవులు ఉత్తరం. పూలకు పుప్పొడి పట్టించడం నా దగ్గర నేర్చుకుని, నా పద్ధతిని తన పేరుతో అచ్చు వేయించుకున్నవాడు. ఇప్పుడు పెద్ద అధికారి. ‘మాస్టారూ, అనంతపురం ఎండల్లో అరటికి ఆకుమచ్చ తెగులా? ఎవరి కోసం ఈ శ్రమ?’
దొంగిలించేటప్పుడు ఈ సందేహం రాలేదు వాడికి.

సెప్టెంబరు 19
అడవి అరటి పుప్పొడితో మన అరటిని కలిపితే, గెలలు గెలలు పిసికినా దొరికినవి కొన్ని గింజలే. నిరుడు మొలిచినవి నాలుగు. తెగులు ఇక్కడ తనంతట రాదు — ఏ మొక్క తట్టుకుంటుందో చూడాలని కడప నుంచి మచ్చపడిన ఆకులు గోనెలో తెప్పించి, చెట్ల మీద వేలాడగట్టి, రెండు పూటలా నీళ్ళు చల్లిస్తున్నాను. చల్లుతూనే తోటలో కూలికొచ్చే లక్ష్మక్క — “రోగాన్ని మోసుకొచ్చి మేపే మారాజును నిన్నే చూస్తి సామీ!”

అక్టోబరు 2
మూడు మాడిపోయాయి. తోటలో మామూలు చెట్లకూ అంటుకుంది. నాలుగోదానికి ఒక్క మచ్చ లేదు.

అక్టోబరు 11
గెల వేసింది. బలమంతా గెలకే పోవాలని పిలకలన్నీ తీసేయించాను. కాయలో గింజలుంటే అది అడవిచెట్టే, ఎవడూ తినడు. లేకపోతే...
రాఘవులుకు రాశాను. వచ్చి కళ్ళారా చూడు.

నవంబరు 13
రాఘవులు రేపు వస్తాడు. రేపే తమ్ముడు నాగప్ప కొత్తింటి ప్రవేశం. చదువుకుంటుంటే వచ్చి నిలబడ్డాడు — గుమ్మానికి అరటిచెట్లు కావాలట. “ఏదైనా కొట్టుకోపో, నన్ను విసిగించొద్దు” అన్నాను. తల కూడా ఎత్తలేదు.

నవంబరు 14
దాన్నే కొట్టారు.
“నువ్వే కదన్నా, ఏదైనా అంటివి! మిగతావన్నీ మచ్చలే. గృహప్రవేశానికి మచ్చల చెట్టు కడతారా యాడైనా?”
తెగులుకు లొంగలేదని నేను దాచుకున్నాను. అందుకే వాళ్ళు ఏరుకున్నారు.
నేను పోయేసరికి పెద్దాకులన్నీ కోసి విస్తళ్ళు వేశారు. బస్సు దిగగానే నాగప్ప కూర్చోబెట్టాడట — పంక్తిలో రాఘవులు, పాయసం జుర్రుతూ. “ఆకు ఎంత శుభ్రంగా ఉందో మాస్టారూ!”
“అదే నీకు చూపిస్తానన్నది.”
నవ్వాడు. “ఎంగిలాకు చూసి రిపోర్టు రాయమంటారా?”
నాగప్ప “వద్దన్నా, అశుభం” అని అరుస్తున్నా గుమ్మానికున్న గెల నుంచి ఒక కాయ తెంపి, వాడి ముందే చీల్చాను. గింజ లేదు. ఇంకొకటి — లేదు. రాఘవులు నవ్వు ఆపాడు. ఎడమచేత్తో విస్తరి అంచు ఎత్తి, ఆకు అడుగు చాలాసేపు చూశాడు.
“పిలక ఉందా మాస్టారూ?”
పాతికేళ్ళలో వాడు అడిగిన మొదటి మంచి ప్రశ్న. నేనే తీసేయించానని చెప్పాల్సి వచ్చింది.

నవంబరు 16
పురాణాల్లో మునికి శపించడానికి దోసెడు నీళ్ళు చాలు. నా బావిలో అంతకన్నా ఎక్కువ లేవు. అవి కొట్టేసిన చెట్టు మొద్దుకే పోశాను.

డిసెంబరు 9
మొద్దు పక్కన మట్టి పగిలింది. పిలక!

డిసెంబరు 20
బావి అడుగు కనిపిస్తోంది. లక్ష్మక్క — “ఇంక బురదే సామీ. తాగేదానికి సాలవు, చెట్టుకు యాడివి?”
రాఘవులు ఉత్తరం. ‘పిలక వస్తే పంపండి. ఇక్కడ కాలువ నీళ్ళున్నాయి.’
నీళ్ళున్నాయి. వాడూ ఉన్నాడు.

డిసెంబరు 22
పిలకను చుట్టి రాఘవులుకు పంపడానికి గోనె తడిపి పెట్టాను. గడ్డపార పిలక పక్కనే ఉంది. పొద్దుటి నుంచి రెండుసార్లు ఎత్తి, రెండుసార్లు దించాను. మొదటి ఆకు ఇంకా చుట్టుకునే ఉంది...