పీఠం ముందరి కోడిపెట్ట

చెన్నూరు,
డిసెంబరు 5, 1963.

చిరంజీవి సౌభాగ్యవతి కృపావతిని బాపు ప్రేమతో దీవించి వ్రాసేది. దేవుని దయవల్ల మీ అవ్వ, నేను కులాసా. బోథ్‌లో నువ్వు, అల్లుడుగారు, నీ కడుపులోని బిడ్డ చల్లగా ఉన్నారని తలుస్తాను.

నా మోకాళ్ళ సంగతి అడిగావు. కూర్చుంటే లేవనివ్వవు, లేస్తే కూర్చోనివ్వవు. బడి నుంచి పింఛన్ మీద దిగాక నాకు పొద్దుపోతున్నదా అనీ అడిగావు. చర్చి గంట, ఆదివారం బడి, పాటలు నేర్పడం, అన్నీ నా నెత్తిమీదే. ఇంట్లో కాలు నిలవదని మీ అవ్వ గొణిగేది. ఆదివారం నుంచి నిన్నటి దాకా ఆ గొణుగుడు కూడా లేదు. నీకు అవ్వ తరఫున ఒక్క ముక్కా రాలేదేమని బెంగపడకు. ఆమె ఎవరితోనైనా రాయిస్తే నా మీద ఫిర్యాదే రాయిస్తుంది, అందుకని నేనే ముందు రాస్తున్నాను.

వేసవిలో నువ్వు పురుటికి వచ్చేసరికి కోళ్ళు ఎదగాలని మీ అవ్వ పెట్టను గుడ్ల మీద కూర్చోబెట్టింది కదా. నేనేమో కోత పండుగకు పుంజును కానుక ఇస్తానని సంఘంలో మాటిచ్చాను. ఆదివారం పొద్దున్నే అద్దాలు పెట్టుకోకుండా గంప ఎత్తాను. రోజూ నన్ను చూస్తే గోడెక్కే పుంజు ఆ వేళ కదలకుండా కూర్చుంది. పాపం, కానుకగా పోవడానికి అదే సిద్ధపడిందని మురిసిపోయి, బుట్టలో వేసి గుడ్డ కప్పి, చర్చిలో పీఠం ముందర పెట్టి వచ్చాను. ఆరాధన అయ్యాక కానుకలన్నీ వేలం వేస్తారు కదా.

ప్రసంగం మధ్యలో బుట్ట కొక్కొక్కొమన్నది. ఆడవాళ్ళ వరుసలో మీ అవ్వ దిగ్గున లేచి నా చెవి దగ్గరికి వచ్చింది.

"ఏందయ్యా, పొదుగు మీదున్న పెట్టను పట్టుకొస్తివా! గుడ్లు సల్లవడితే పిల్లలు లేస్తయా? వేలం అయ్యేదాంక ఎట్ల?"

అని ఇంటికి పరుగెత్తి, గుడ్ల మీద దుప్పటి కప్పి కూర్చుంది.

దేవుని ముందర పెట్టినదాన్ని వెనక్కి అడగడానికి నాకు నోరు రాలేదు. కృపా, ఇకమీదటి మాట అల్లుడుగారికి చదివి వినిపించకు. ప్రసంగం ముగించి దానియేలు అయ్యగారు "ప్రార్థన చేద్దాం" అనగానే నేను లేచి కోడిని దొంగిలించాను.

సంఘంలో సగం మంది నా దగ్గర చదువుకున్నవాళ్ళే, అయ్యగారితో సహా. ప్రార్థనలో కళ్ళు తెరవొద్దని బెత్తం పట్టుకుని నేర్పిన పాఠం ఇన్నేళ్ళకు నాకే అక్కరకొచ్చింది. ఒక్కరూ రెప్ప ఎత్తలేదు. బుట్టలో నా కండువా చుట్టిపెట్టి, పెట్టను చంకన పెట్టుకుని బయటపడ్డాను. దాన్ని గుడ్ల మీద కూర్చోబెట్టి తిరిగొచ్చేసరికి ప్రార్థన ఇంకా నడుస్తూనే ఉంది. వానలు, చెరువులు, ఎడ్లు, బర్రెలు అయిపోయి, అయ్యగారు మంథని, హుజూరాబాద్ దాటి ఢిల్లీ దాకా పోయారు.

వేలంలో గుడ్డ తీస్తే కండువా! సంఘపెద్ద రాజం నోరు తెరిచి నిలబడ్డాడు. "పంతులుగారి కండువా, పాడుండ్రి" అని అయ్యగారే అందుకుని, తామే పాడుకున్నారు.

మీ అవ్వ మాత్రం "పిల్లలు లేస్తెనే మాట్లాడుత, లేకుంటే లే" అని నాకు కాదు, గోడకు చెప్పింది. అప్పటి నుంచి నా ప్రార్థనలన్నీ గుడ్ల కోసమే. ఆమె మాట వినబడని ఇంట్లో నాకు ముద్ద దిగలేదు తల్లీ.

నిన్న సాయంత్రం అయ్యగారు కండువా ఉతికించి తెచ్చారు. నేను తల వంచుకుని జరిగింది చెప్పబోతే నవ్వారు.

"నేను సూసిన సార్. మీరు పొయ్యి మళ్ల అచ్చేదాంక ఆమెన్ అనొద్దనుకున్న. ఊర్ల పేర్లు అయిపోతున్నయని పరేషానైన."

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది.

"ప్రార్థనల కండ్లు తెరుస్తవా? చెయ్యి సాపు!"

నలభై ఏళ్ళ మనిషి, సంఘ కాపరి, ఠక్కున చెయ్యి చాపారు. అంతలో లోపలి నుంచి మీ అవ్వ వచ్చింది.

"ముందుగాల నీ చెయ్యి సాపు, దొంగ పంతులు" అన్నది నాతో.

చాపాను. తడి ఇంకా ఆరని కోడిపిల్లను నా అరచేతిలో పెట్టింది.

ఇట్లు,
నీ బాపు,
జకరయ్య